మధ్యాహ్నం రెండింటికే గేటు మూసేస్తే ఫుజి మీద సూర్యోదయం చూసేదెలా?

సుధీర్_కవసాకి
2025 జులై 26 శనివారం రాత్రి జపాన్‌లోని ఫుజి కొండ ఎక్కి, పైన సూర్యోదయం చూడాలని నలుగురం మే నెల నుంచి అనుకుంటున్నాం. ఇప్పుడు చూస్తే, మేం ఎక్కాలనుకున్న యోషిదా దారిలో ఒక్క హట్‌లో (రాత్రి పడుకోవడానికి కొండమీద ఉండే బసలో) కూడా చోటు లేదు. హట్ బుకింగ్ లేనివాళ్లని మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజామున 3 దాకా గేటు దాటనివ్వరట. మూడింటికి మొదలుపెడితే నాలుగున్నర దాటగానే సూర్యుడు వచ్చేస్తాడు. గంటన్నరలో శిఖరం ఎలా చేరతాం?

నాకు తెలిసినవాళ్లు 2019లో రాత్రి 9కి ఐదో స్టేషన్‌లో (బస్సు దిగి నడక మొదలుపెట్టే చోట) బయల్దేరి తెల్లారేసరికి పైన ఉన్నారు. వాళ్లకి ఏమీ కాలేదు. మా నలుగురికీ ముప్పై లోపే, వారానికి మూడు రోజులు పరుగెత్తే అలవాటుంది. మావాడొకడు ఏమంటున్నాడంటే, ఒకటిన్నరకి గేటు దాటేసి, మెల్లగా నడుస్తూ, మధ్యమధ్యలో కూర్చుంటూ తెల్లారే దాకా గడిపేద్దాం అని. 4,000 యెన్లు కట్టాక కూడా కొండ ఎన్నింటికి ఎక్కాలో వాళ్లే చెప్పడం నాకు నచ్చలేదు. ఎవరైనా ఇలా చేశారా?

తూరుపుగాలి
ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నా. మాదీ ఇదే పరిస్థితి.

పాత_బూట్లు
ఆ ఒకటిన్నర ప్లాన్ మాత్రం వద్దు. నేను ఏడుసార్లు ఎక్కాను, అందులో నాలుగు రాత్రిపూటే.

లెక్క వేసుకోండి. ఐదో స్టేషన్ సుమారు 2,300 మీటర్ల ఎత్తులో ఉంది, శిఖరం 3,776. ఎంత నిదానంగా నడిచినా ఆరేడు గంటలు. అంటే రాత్రి ఎనిమిదీ తొమ్మిదింటికల్లా పైన ఉంటారు. అక్కణ్నుంచి సూర్యుడు వచ్చేదాకా ఇంకో ఎనిమిది గంటలు. ఎక్కడ కూర్చుంటారు? ఈ కొండమీద టెంట్ వేయడం నిషేధం. హట్ వాళ్లు బుకింగ్ లేనివాళ్లని లోపల పడుకోనివ్వరు. నడిచినంతసేపూ పట్టిన చెమట, ఆగిన పది నిమిషాల్లో ఒంటికి ఐసు గడ్డలా అంటుకుంటుంది. ఆగస్టులో కూడా పైన సగటు 6 డిగ్రీలే, తెల్లవారుజామున ఇంకా పడిపోతుంది. సెకనుకి ఒక మీటరు గాలి పెరిగితే ఒంటికి ఒక డిగ్రీ తగ్గినట్టుంటుందని ఇక్కడివాళ్ల లెక్క. పైన పది మీటర్ల గాలి పెద్ద విశేషం కాదు. మిగతాది మీరే లెక్కేసుకోండి.

గేటు పెట్టిందీ ఇందుకే. నిద్ర లేకుండా ఒక్క ఊపులో ఎక్కి దిగేయడాన్ని ఇక్కడ ‘దాంగన్ తోజాన్’ అంటారు, తుపాకీ గుండులా దూసుకెళ్లడం అని అర్థం. 2024లో యమానషి జిల్లా వైపు, అంటే ఈ యోషిదా దారిని, సాయంత్రం 4కి మూసేవారు, అప్పటి రుసుము 2,000 యెన్లు. నాలుగు లోపు దాటేసి సరిగ్గా మీ ఫ్రెండ్ చెప్పినట్టే చేసినవాళ్లు ఉన్నారు. అందుకే 2025లో దాన్ని 2కి తెచ్చారు. షిజుఓకా జిల్లా వైపున్న మూడు దారులకీ 2025 నుంచి ఇదే వేళ, ఇవే 4,000.

యోకోహామా_శీను
పాత_బూట్లు అన్నా, మీ అనుభవాన్ని కాదనను గానీ ఒక్క మాట. నేను 2017లో రాత్రి పదింటికి మొదలుపెట్టి ఏకబిగిన ఎక్కాను. నా జీవితంలో అంత మంచి రాత్రి ఇంకోటి లేదు. కింద మబ్బులు, మబ్బుల కింద ఊళ్ల దీపాలు, పైన చుక్కలు. వెనక్కి తిరిగి చూస్తే హెడ్‌ల్యాంపుల వరుస పాములా మెలికలు తిరుగుతూ వస్తోంది. హట్‌లో పడుకుని ఉంటే ఇవేవీ చూసేవాణ్ని కాదు. బట్టలు సరిగ్గా వేసుకుని, నీళ్లు పెట్టుకుని, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్లని కూడా ఆపేయడం అన్యాయమనే ఇప్పటికీ అంటాను. షార్ట్స్‌తో, ప్లాస్టిక్ వాన కోటుతో వచ్చేవాళ్ల వల్ల అందరికీ శిక్ష.

మబ్బులపైన
శీను గారూ, నేనూ 2018లో అలాగే ఎక్కాను. నా రాత్రి వేరేలా గడిచింది.

ఐదుగురం. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా టోక్యోలోని షింజుకు వెళ్లి బస్సెక్కాం. రెండున్నర గంటల ప్రయాణం, బస్సులో ఎవరికీ కునుకు పట్టలేదు. దిగిన వెంటనే నడక మొదలుపెట్టాం. 3,000 మీటర్ల దాకా కబుర్లే. ఆ పైన మా స్నేహితుడు మాట్లాడ్డం మానేశాడు. వాడు మామూలుగా నోరు మూయడు, మేం అప్పుడే గమనించాల్సింది. ‘అసలు ఎనిమిదో స్టేషన్’ అని పిలిచే చోట (మామూలు ఎనిమిదో స్టేషన్‌కి ఇంకా పైన), అంటే 3,400 దగ్గర రాయి మీద కూర్చుని వాంతి చేసుకున్నాడు. నిలబడితే కాళ్లు తడబడుతున్నాయి. టైమ్ రెండున్నర. ఎక్కేదారి నిండా జనం, కిందకి వెళ్లాలంటే వాళ్లకి ఎదురు నడవాలి. ఇద్దరం వాడి రెండు రెక్కలూ పట్టుకుని దించాం. నాలుగు వందల మీటర్లు దిగేసరికి వాడే ‘ఆకలేస్తోంది’ అన్నాడు. ఆ మాట వినగానే నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

వాడికి అప్పుడు 27 ఏళ్లు. హాఫ్ మారథాన్ పరుగెత్తినవాడు.

లక్ష్మి_సైతామా
అయ్యో. ‘ఆకలేస్తోంది’ అన్నాక ఏం పెట్టారు?

మబ్బులపైన
నా బ్యాగులో ఉన్న చాక్లెట్లన్నీ. వాడొక్కడే తినేశాడు.

అన్నపూర్ణ_ఎండీ
సుధీర్ గారూ, ‘వారానికి మూడు రోజులు పరుగు’ అన్నారు కదా, దాని మీద రెండు మాటలు. పరుగు వల్ల గుండెకీ కాళ్లకీ బలం వస్తుంది. ఎత్తు పడుతుందా లేదా అన్నది వేరే సంగతి. శిఖరం దగ్గర గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే సుమారు మూడింట రెండు వంతులే. గాలిలో ఆక్సిజన్ శాతం మారదు, కానీ ఒక్కో శ్వాసకి ఒంట్లోకి వెళ్లేది ఆ మేరకు తగ్గిపోతుంది. దానికి శరీరం అలవాటు పడాలంటే టైమ్ కావాలి. ఓపిక ఉన్నవాళ్లు వేగంగా ఎక్కేసి ఆ టైమ్ ఇవ్వరు. ఇలా ఫిట్‌గా ఉన్నవాళ్లే పడిపోవడం చాలాసార్లు చూశాను.

ఐదో స్టేషన్‌లో దిగాక కనీసం గంట అక్కడే తిరగండి. నడుస్తూ మాట్లాడగలిగినంత నిదానంగా ఎక్కండి, మాట తెగుతోందంటే వేగం ఎక్కువైందని అర్థం. నీళ్లు గుటక గుటకగా తాగుతూ ఉండాలి. పెదాలు సున్నాలా చుట్టి ఊపిరి పూర్తిగా బయటికి ఊదితే లోపలికి తీసుకునేది దానంతటదే పెరుగుతుంది. హట్‌కి చేరగానే పడుకోవద్దు. నిద్రలో శ్వాస పైపైనే ఆడుతుంది, అందుకే చాలామందికి తలనొప్పి నిద్రలేచాకే మొదలవుతుంది. కాసేపు బయట కూర్చుని, ఏదైనా తిని, అప్పుడు నడుం వాల్చండి.

కొద్దిపాటి తలనొప్పి చాలామందికి వస్తుంది. అది పెరుగుతున్నా, వాంతి తోడైనా, అడుగు తడబడినా, మాట తేడాగా ఉన్నా మందు ఒక్కటే, కిందకి దిగడం. మబ్బులపైన గారు చేసింది నూటికి నూరుపాళ్లు సరైన పని. పెయిన్‌కిల్లర్ వేసుకుని పైకి పోవడం మాత్రం వద్దు.

తూరుపుగాలి
డాక్టర్ గారూ, షాపుల్లో అమ్మే ఆక్సిజన్ డబ్బా పనిచేస్తుందా? ఎత్తు పడనివాళ్లు వేసుకునే డయామాక్స్ మాత్ర వేసుకోవచ్చా?

అన్నపూర్ణ_ఎండీ
డబ్బాలో ఉండేది కొన్ని నిమిషాలకి సరిపోయే ఆక్సిజన్. కాస్త హాయిగా ఉంటుంది, అయిపోగానే మళ్లీ మొదటికే వస్తుంది. దాన్ని నమ్ముకుని పైకెళ్లకండి. డయామాక్స్ ప్రిస్క్రిప్షన్ మందు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. మిమ్మల్ని చూసిన డాక్టర్‌నే అడగండి, నేను ఇక్కడ రాసివ్వలేను.

కొత్త_హెడ్‌ల్యాంప్
నేను తిరుమల మెట్లు ఎన్నోసార్లు ఎక్కాను, ఇదీ అలాగే ఉంటుందా?

పాత_బూట్లు
మోకాళ్ల వరకు ఆ అలవాటు బాగా పనికొస్తుంది. కానీ అక్కడ ఎత్తు వెయ్యి మీటర్ల లోపే. ఇక్కడ మీరు బస్సు దిగే చోటే దానికి రెండింతలకి పైగా ఉంటుంది.

లక్ష్మి_సైతామా
సుధీర్, హట్ దొరకలేదని బాధపడుతున్నావు కాబట్టి నా సంగతి చెప్తాను. పోయిన ఏడాది నాకూ దొరకలేదు. ముందురోజు సాయంత్రమే కింద ఊళ్లో గది తీసుకుని ఎనిమిదింటికి పడుకున్నాను. మరుసటి ఉదయం మూడింటికి గేటు తెరవగానే లోపలికి వెళ్లాను. ఆరో స్టేషన్ దాటి కాస్త పైకి వెళ్లేసరికి తూర్పు ఎర్రబడింది. అక్కడే రాయి మీద కూర్చుని చూశాను. యోషిదా దారిలో సూర్యోదయం కోసం శిఖరం దాకా వెళ్లక్కర్లేదు, తూర్పు వైపు తెరిచి ఉంటుంది కాబట్టి దారిలోనే కనిపిస్తుంది. చుట్టూ పదిమంది కూడా లేరు. తర్వాత వెలుతురులో హాయిగా ఎక్కి పదింటికి పైన ఉన్నాను. అప్పటికి సూర్యోదయం చూసిన జనమంతా దిగిపోయారు. శిఖరం మీది అగ్నిపర్వత బిలం చుట్టూ తిరిగాను, గంటన్నర పట్టింది. పైనే, ఫుజినోమియా దారి వైపున్న పోస్టాఫీసులో అమ్మకి కార్డు వేశాను. శిఖరం మీది ముద్రతో నాలుగు వారాలకి చేరింది. ఇప్పటికీ దేవుడి పటం పక్కనే పెట్టుకుంది.

యోకోహామా_శీను
లక్ష్మి గారూ, చదవడానికి బావుంది గానీ, ఆరో స్టేషన్ సూర్యోదయం, శిఖరం మీది సూర్యోదయం ఒకటెలా అవుతాయి? పైన నిలబడి చూస్తే అంతకంటే ఎత్తు ఈ దేశంలోనే లేదు.

లక్ష్మి_సైతామా
సూర్యుడు ఒకడే కదా శీనూ. జపాన్ వాళ్లు దీన్ని ‘గొరైకో’ అంటారు, గౌరవంగా, వెలుగు విచ్చేయడం అని. కొండమీద వెలుగు ఎక్కడికి విచ్చేసినా గొరైకోనే. ఇంకో సంగతి. 1872 దాకా ఆడవాళ్లకి ఈ శిఖరం మీదికి అనుమతే లేదు. నేను పైన అడుగుపెట్టినప్పుడు ఎండ నడినెత్తికి వస్తోంది. నాకు ఆ ఎండే చాలా గొప్పగా అనిపించింది.

మెల్లగా_నడుద్దాం
లక్ష్మి గారి పోస్టు స్క్రీన్‌షాట్ తీసి మా అక్కకి పంపాను.

ఒంటరి_నడక
నేను మధ్యేమార్గం చెప్తా. హట్ ఉన్నా సరే, శిఖరం మీద సూర్యోదయం గ్యారంటీ కాదు. రాత్రి ఒంటిగంటకి లేపుతారు, అందరూ ఒకేసారి బయటికి వస్తారు. 3,400 నుంచి పైదాకా మామూలుగా గంటన్నర లోపే. ఆ వేళకి రెండున్నర గంటలు పట్టింది నాకు. రెండడుగులు వేయడం, ఆగడం, ముందు మనిషి బూట్లు చూడ్డం. తొమ్మిదో స్టేషన్ దగ్గరుండగానే వెలుగొచ్చేసింది. పక్కనున్న ఒక పెద్దాయన ‘ఇక్కడే చూద్దాం’ అని సైగ చేసి పక్కకి జరిగాడు, నేనూ జరిగాను. ఆగి చూసిన మాకు బాగా కనిపించింది. పరుగెత్తి తోసుకుంటూ పోయినవాళ్లు వీపులు చూశారు. తోసుకోవడం వల్ల రాళ్లు దొర్లితే కిందవాళ్ల తల మీదే పడతాయి, హెల్మెట్ ఉంటే పెట్టుకోండి.

వీలైతే శుక్ర, శనివారాలు మానేసి మంగళ, బుధ చూడండి. ఆ క్యూ సగం కూడా ఉండదు, హట్‌లు కూడా దొరికే అవకాశం ఉంది. క్యాన్సిలేషన్లు వారం పది రోజుల ముందు వస్తాయి, వాతావరణం బాగోకపోతే ఇంకా ఎక్కువ.

సుధీర్_కవసాకి
ఒకటిన్నర ప్లాన్ వదిలేశాం. మావాడికి మబ్బులపైన గారి పోస్టు చదివి వినిపించాను, కాసేపు ఏమీ మాట్లాడలేదు. శని, ఆదివారాల పట్టు కూడా విడిచిపెట్టాం. జులై 29 మంగళవారానికి ఎనిమిదో స్టేషన్‌లో నాలుగు చోట్లు దొరికాయి! లీవు పెట్టేశాం. బ్యాగులో ఏమేం పెట్టుకోవాలో చెప్పండి. ఇప్పుడు అసలైన టెన్షన్ మొదలైంది.

పాత_బూట్లు
మంచి వార్త. హెడ్‌ల్యాంప్, దానికి విడి బ్యాటరీలు. ఫోన్ లైటు పట్టుకుని ఎక్కకండి, రాళ్ల దగ్గర రెండు చేతులూ కావాలి. వానకి పైనా కిందా విడివిడిగా ఉండే జాకెట్టు, ప్యాంటు, ఎందుకంటే గొడుగు ఆ గాలికి నిలవదు. లోపల కాటన్ బనీను, జీన్సు వద్దు, తడిస్తే ఆరవు. శిఖరం మీద వేసుకోవడానికి ఒక దళసరి జాకెట్టు బ్యాగులో విడిగా ఉంచండి, నడిచేటప్పుడు వేసుకుని చెమటతో తడిపేయొద్దు. ఉన్ని టోపీ, చేతి తొడుగులు. వంద యెన్ల నాణేలు డజనైనా ఉండాలి, టాయిలెట్‌కి వెళ్లిన ప్రతిసారీ రెండు మూడు వందలు. పైన నీళ్ల సీసా 500 దాకా ఉంటుంది. చెత్త మీ బ్యాగులోనే కిందకి రావాలి, పైన డబ్బాలుండవు.

శిఖరానికి మరీ ముందుగా చేరకండి. మూడింటికే చేరి గంటన్నర వణికినవాళ్లకి సూర్యుడు వచ్చేసరికి చూసే ఓపిక ఉండదు.

ఒంటరి_నడక
దిగేటప్పటి సంగతి ఎవరూ చెప్పలేదు. యోషిదాలో దిగే దారి వేరు. ఎనిమిదో స్టేషన్ దగ్గర అది రెండుగా చీలుతుంది, ఒకటి యోషిదా వైపు, ఒకటి షిజుఓకాలోని సుబాషిరి వైపు. నిద్రమత్తులో గుంపు వెంట పోతే కొండకి వేరే పక్క, వేరే జిల్లాలో తేలతారు, బస్సూ వేరే, లగేజీ ఇంకో చోట. బోర్డు మీద రంగు చూసుకోండి, యోషిదా పసుపు, సుబాషిరి ఎరుపు. నాలుగు గంటల ఎర్రమట్టి, నల్లరాళ్ల దిగుడు, మోకాళ్లకి అదే అసలు పరీక్ష. బూట్లలోకి రాళ్లు పోకుండా గెయిటర్లు కట్టుకోండి. మాస్కు కూడా, దుమ్ము విపరీతం.

మబ్బులపైన
ఇంకొక్కటి. సూర్యుడు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి, వెనక్కి తిరిగి పడమర వైపు కూడా చూడండి. కొండ నీడ మబ్బుల మీద నిండు త్రికోణంలా పరుచుకుంటుంది. ‘కాగెఫుజి’ అంటారు. అందరూ సూర్యుడికి ఫోటోలు తీస్తూ అది వదిలేస్తారు. తర్వాతి ఏడాది వెళ్లినప్పుడు చూశాను, మావాడూ పక్కనే ఉన్నాడు, ఈసారి హట్‌లో ఉండి ఎక్కాం.

కొత్త_హెడ్‌ల్యాంప్
మీ స్నేహితుడు మళ్లీ వెళ్లాడా! భలే. చాక్లెట్లు ఎవరి బ్యాగులో?

మబ్బులపైన
ఇద్దరి బ్యాగుల్లోనూ.

మెల్లగా_నడుద్దాం
మా నాన్నగారికి 61. ఆయనకీ ఈ కోరిక ఉంది. షుగర్ లేదు, బీపీ మాత్ర వేసుకుంటారు. తీసుకెళ్లొచ్చా?

అన్నపూర్ణ_ఎండీ
వయసొక్కటే అడ్డు కాదు. ముందు గుండె పరీక్షలు చేయించండి, బీపీ మందు గురించి ఆయన డాక్టర్‌తో మాట్లాడండి. వెళ్తే మాత్రం రాత్రి నడక పెట్టకండి. పగలు ఎక్కి, హట్ ముందే కుర్చీలో కూర్చోబెట్టి సూర్యోదయం చూపించండి. అక్కణ్నుంచి పైకి వెళ్లాలా వద్దా అనేది ఆ ఉదయం ఆయన మొహం చూసి మీరే చెప్పగలరు.

సుధీర్_కవసాకి
వెళ్లొచ్చాం. నిన్న రాశాను గానీ సగంలో నిద్రపోయాను, మళ్లీ రాస్తున్నాను.

మంగళవారం పదకొండింటికి ఐదో స్టేషన్ చేరాం. డాక్టర్ గారు చెప్పినట్టు గంటసేపు అక్కడే తిరిగాం. చేతికర్రలు కొన్నాం, ఒక్కో స్టేషన్‌లో కాల్చి ముద్ర వేస్తుంటే చిన్నపిల్లల్లా సంబరపడ్డాం. ఐదున్నరకి హట్. రాత్రి ఏడున్నరకే దీపాలు తగ్గించారు. నాకు నిద్ర పట్టలేదు. పక్కవాళ్ల మోచేయి నా పక్కటెముకల్లో, నా మోచేయి వాళ్ల వీపులో.

ఒంటిగంటకి లేచేసరికి మా నలుగురిలో ఒకడికి (ఒకటిన్నర ప్లాన్ చెప్పింది వాడే) తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోందన్నాడు. ‘మీరు పోండిరా, నేను పడుకుంటా’ అన్నాడు. ఇద్దరు పైకి వెళ్లారు. నేను వాడితో ఉండిపోయాను. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, దాచుకోను. మే నుంచి కన్న కల, ఇంకో ఆరేడు వందల మీటర్ల ఎత్తులో ఉంది.

నాలుగింటికి ఇద్దరం దుప్పటి కప్పుకుని బయట అరుగు మీద కూర్చున్నాం. కింద మబ్బులు పాలు పొంగినట్టున్నాయి. ముందు గీతలా ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత ఒక్కసారిగా సూర్యుడి అంచు. హట్‌లో పనిచేసే అబ్బాయి కూడా చీపురు పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు. రోజూ చూసేవాడే కదా! మావాడు నా భుజం పట్టుకుని ‘సారీ రా’ అన్నాడు. వాణ్ని తిట్టాను. లక్ష్మి అక్కా, మీ ఆరో స్టేషన్ మాట అప్పుడు అర్థమైంది.

తలనొప్పి తగ్గలేదు కాబట్టి ఐదున్నరకి వాణ్ని తీసుకుని దిగడం మొదలుపెట్టాను. ఆరో స్టేషన్ దాటేసరికి వాడు పాట అందుకున్నాడు. పైకి వెళ్లిన ఇద్దరికీ కాగెఫుజి కూడా కనిపించింది, ఫోటో పెట్టారు.

మబ్బులపైన
సుధీర్, నువ్వు ఉండిపోయినందుకు మీ ఫ్రెండ్ తరఫున నేను థ్యాంక్స్ చెప్తున్నా.

యోకోహామా_శీను
నేను పైన గట్టిగా వాదించాను. గేటు విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారలేదు గానీ, 2017లో నాతో వచ్చినవాళ్లలో ఎవరికైనా ఇలా అయితే నేను దిగేవాణ్నా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను.

లక్ష్మి_సైతామా
తమ్ముడూ, కర్ర దాచావా?

సుధీర్_కవసాకి
దాచాను అక్కా. ఎనిమిదో స్టేషన్ దాకా ముద్రలున్నాయి, పైన చోటు ఖాళీగా ఉంది. సెప్టెంబర్ 10 దాకా దారి తెరిచే ఉంటుంది కదా. మొదటి వారంలో పనిరోజున వెళ్లేవాళ్లు ఎవరైనా ఉన్నారా?

తూరుపుగాలి
నాకు సెప్టెంబర్ 2 మంగళవారానికి రెండు చోట్లు ఉన్నాయి, మా రూమ్మేట్ రానన్నాడు. ఫోన్ నంబర్ మెసేజ్ చేయండి. ఐదో స్టేషన్‌లో గంటసేపు ఆగుతాను, తొందరేం లేదు.